గుర్రాల కోసం కట్టిన బరి: రోందా బుల్‌రింగ్ కథ

అందరికీ నమస్కారం. వాన పడుతున్నా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

మొదటి ఫోటో చూడండి. ఒక తెల్ల గోడ. సున్నం కొట్టిన గోడ, పెద్ద ఎత్తు కూడా లేదు, పైన పెంకుల కప్పు. ఇదేమిటో చెప్పకుండా చూపిస్తే ఏ పాత గోడౌనో అనుకుంటారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను దీని పక్కనుంచే నడుచుకుంటూ పోయి, ముందున్న ఒక దుకాణంలో బుల్‌రింగ్ ఎక్కడని అడిగాను. ఆ దుకాణం ఆయన బయటికి వచ్చి, నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పి, ఈ గోడ చూపించాడు.

ఇది రోందా ఊరి బుల్‌రింగ్, అంటే మనిషి ఎద్దుతో పోరాడి దాన్ని చంపే ఆట కోసం కట్టిన చోటు. స్పెయిన్‌కు దక్షిణాన అందలూసియా, అందులో మాలగా జిల్లా, ఆ జిల్లాలో కొండ మీద ఊరు రోందా. ఊరిని రెండు ముక్కలు చేస్తూ మధ్యలో నిట్టనిలువు లోయ ఉంటుంది. దాదాపు వంద మీటర్ల లోతు. లోయకు ఒక పక్క పాత ఊరు, రెండో పక్క కొత్త ఊరు. కొత్త ఊరంటే మన లెక్కలో కొత్త కాదు, అయిదు వందల ఏళ్ల నాటిది. మన బుల్‌రింగ్ ఆ రెండో పక్కన, లోయ అంచుకు దగ్గరలోనే ఉంటుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను కట్టడాల మనిషిని. నలభై ఏళ్లు భవనాలు గీయడం, కట్టించడం, పిల్లలకు నేర్పడం, అదే నా పని. ఎద్దును చంపడం నాకు ఇష్టం లేదు. రోందాలో నేను పోరు చూడలేదు, చూడాలనీ లేదు. కానీ ఈ కట్టడం ముందు నిలబడితే నాకు కలిగిన గౌరవం నిజమైంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని మా ఇంట్లో అడిగారు. ఇముడుతున్నాయి మరి. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ద్వారం చూడండి. తెల్ల గోడ మధ్యలో ఇదొక్కటే రాతి పని. అటొక స్తంభం ఇటొక స్తంభం, పైన మధ్యలో విడిపోయిన త్రికోణపు చూరు, ఆ చీలికలో స్పెయిన్ రాజచిహ్నం. కింద ఇనుప బాల్కనీ. ఆ ఇనుప కమ్మీల్లో ఎద్దుల పోరు బొమ్మలు కొట్టి పెట్టారు. దగ్గరికి వెళ్లి తల ఎత్తి చూస్తే తప్ప కనబడవు. బయటి అలంకారం అంతా ఇంతే, ఇక్కడితో అయిపోయింది.

ద్వారం దాటి, కొంచెం చీకటిగా ఉన్న దారి గుండా నాలుగడుగులు వేస్తారు. ఒక్కసారిగా వెలుతురు. ఎదురుగా పసుపు ఇసుక పరిచిన పెద్ద గుండ్రటి మైదానం. మనం బరి అంటామే, అదే. దాని అడ్డకొలత 66 మీటర్లు. మాడ్రిడ్‌లో లాస్ వెంతాస్ అని మహా పెద్ద బుల్‌రింగ్ ఉంది, ఇరవై వేలకు పైగా జనం పడతారు. దాని బరి 60 మీటర్ల చిల్లర. ఇక్కడ కూర్చునే జనం అయిదు వేల పైచిలుకు, బరి మాత్రం మాడ్రిడ్ కంటే పెద్దది. ఈ లెక్క నాకు మొదట్లో అర్థం కాలేదు. తక్కువమందికి ఇంత పెద్ద బరి ఎందుకు కట్టారు? జనం ఎక్కువ పట్టాలంటే బరి చిన్నది చేసి మెట్లు పెంచాలి కదా. ఈ ప్రశ్న పట్టుకునే నేను దీని చరిత్రలోకి దిగాను.

అంతకంటే ముందు కాసేపు కూర్చుందాం. నేను రెండో అంతస్తులో కూర్చున్నాను. రెండు అంతస్తులు, ఒక్కో అంతస్తుకు అయిదేసి వరసల మెట్లు, అంతే. ప్రతి సీటు మీదా కప్పు ఉంది. స్పెయిన్‌లో మామూలుగా బుల్‌రింగ్ టికెట్లు ఎండ వైపు ఒక రేటు, నీడ వైపు ఇంకో రేటు అమ్ముతారు. ఎండ వైపు చవక, నీడ వైపు ఖరీదు. చాలా చోట్ల నెత్తిన కప్పు ఉండదు. రోందాలో చుట్టూ పెంకుల కప్పే. ఆ కప్పును మోస్తున్నవి రెండు అంతస్తులకూ కలిపి 136 స్తంభాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య కొంచెం అణిగినట్టుండే కమాను.

స్తంభాన్ని దగ్గరగా చూడండి. ఈ ఫోటో నేనే తీశాను. ఇది ఇసుకరాయి. చేత్తో రాస్తే సన్నటి పొడి వేళ్లకు అంటుతుంది. చెక్కడం ఏమీ లేదు, పువ్వు లేదు, తీగ లేదు. కింద గుండ్రటి పీఠం, నున్నటి కాండం, పైన చిన్న పట్టీ, దాని మీద చదరపు పలక. టస్కన్ పద్ధతి అంటారు, స్తంభాల్లో అన్నిటికంటే సాదా రకం. నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి, సాదా స్తంభం చెక్కడం తేలికనుకోకండి అని. పువ్వు చెక్కితే తప్పు పువ్వులో దాక్కుంటుంది. నున్నటి స్తంభం చుట్టూ తిప్పి 136 సార్లు పెడితే, ఒక్కటి వంగినా ఊరంతటికీ కనిపిస్తుంది.

స్పెయిన్ మఠాల్లో లోపల చదరపు ముంగిలి, దాని చుట్టూ స్తంభాల వరండా ఉంటుంది. సాధువులు అందులో తిరుగుతూ జపం చేసుకుంటారు. ఆ వరండాను పట్టుకుని గుండ్రంగా వంచితే రోందా బుల్‌రింగ్ అవుతుంది. ఈ గుండ్రటి స్తంభాల వరసకు దగ్గరలోనే ఒక పెద్దన్న ఉన్నాడు. గ్రనాదా ఊళ్లో అల్హంబ్రా కోట మీద అయిదో కార్లోస్ చక్రవర్తి పదహారో శతాబ్దంలో కట్టించిన భవనం. బయట చదరం, లోపల 30 మీటర్ల గుండ్రటి ముంగిలి, రెండు అంతస్తుల స్తంభాలు. రోందాలో కట్టినవాళ్ల మనసులో అది ఉందని నేను నమ్ముతున్నాను. ఇది నా ఊహే. కానీ ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూడండి, మీరే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఆ 66 మీటర్ల సంగతికి వద్దాం.

రోందా 1485 దాకా ముస్లిం పాలనలో ఉంది. ఆ ఏడాది క్రైస్తవ రాజదంపతులు ఇసబెల్, ఫెర్నాందోల సేన ఊరిని పట్టుకుంది. తర్వాత ఎనభై ఏళ్లకు ఈ చుట్టుపక్కల కొండల్లో, అప్పటికే బలవంతంగా మతం మార్చిన ముస్లింల వారసులు తిరగబడ్డారు. 1568లో మొదలైన ఆ తిరుగుబాటును అణచడానికి మూడేళ్లు పట్టింది. పెద్దింటి కుర్రాళ్లకు గుర్రం మీద పట్టు తప్పిందని రెండో ఫెలిపె రాజుకు అనిపించింది. 1572లో ఊళ్లకు ఉత్తరువు పంపాడు, దొరలు సంఘాలు పెట్టుకుని గుర్రపు స్వారీ, ఆయుధాల సాము చెయ్యాలని. ఆ మాట మీద 1573లో రోందాలో సంఘం పుట్టింది. అదే తర్వాత రోందా రాజ మయెస్త్రాంసా అయింది. మయెస్త్రాంసా అంటే గుర్రపు సాము చేసే దొరల సంఘం అనుకోండి. స్పెయిన్‌లో అలాంటివాటిలో ఇదే పాతది. ఈ బుల్‌రింగ్ కట్టించింది వాళ్లే, ఈరోజుకీ యజమానులు వాళ్లే.

ఆ రోజుల్లో ఎద్దుతో పోరు అంటే దొర గుర్రం మీద కూర్చుని బల్లెంతో చేసేది. గుర్రాన్ని పరిగెత్తించాలి, మలుపు తిప్పాలి, కొమ్ముకు అందకుండా తప్పించాలి. అది యుద్ధానికి తాలీము. నేల మీద ఉండే మనుషులు నౌకర్లు, దొరకు సాయం. గుర్రం పూర్తి వేగం అందుకుని మళ్లీ తిరగడానికి జాగా కావాలి. నా ప్రశ్నకు జవాబు నాకు ఇక్కడ దొరికింది. ఈ బరి కొలత గుర్రం కొలత.

గుండ్రం ఎందుకంటారా? అంతకు ముందు ఈ పోరు ఊరి మధ్య చౌరస్తాల్లో జరిగేది. మాడ్రిడ్‌లో కూడా పెద్ద చౌక్‌లోనే, నలుచదరపు జాగాలో. చౌక్‌కు మూలలుంటాయి. ఎద్దుకు భయం పట్టుకుంటే ఒక చోటు ఎంచుకుని అక్కడే నిలబడిపోతుంది, ఎంత అదిలించినా రాదు. స్పానిష్‌లో ఆ చోటును కెరెన్సియా అంటారు, మనసుకు ఆనిన చోటు అన్నట్టు. మూల దొరికితే ఎద్దు మూలకే చేరుతుంది. వెనక గోడ, పక్కన గోడ, ముందుకు కొమ్ములు. అక్కడికి వెళ్లినవాడు బతకడం కష్టం. గుండ్రటి బరిలో దాక్కోవడానికి మూల లేదు. ఎద్దు కోణంలోంచి ఆలోచిస్తే ఈ గుండ్రం ఎంత నిర్దయగా ఉందో చూడండి. కట్టడం అందంగా ఉండటానికీ, ఆ జంతువుకు ఆసరా లేకపోవడానికీ కారణం ఒకటే గీత. ఈ మాట మీకు చెప్తుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టుకుంటుంది.

కట్టడం 1779-85 మధ్య జరిగింది. కట్టినవాడు హోసె మార్తిన్ దె అల్దెవేలా అని చెబుతారు. ఊరి లోయ మీద కనిపించే పెద్ద వంతెన, ప్వెంతే న్వేవో, దాన్ని 1793లో పూర్తి చేసినవాడూ ఆయనే. 98 మీటర్ల ఎత్తు. దానికి ముందు అదే లోయ మీద ఒకే కమానుతో ఒక వంతెన కట్టారు, అది 1741లో కూలిపోయి యాభై మంది దాకా చనిపోయారు. కొత్త వంతెనకు నలభై ఏళ్లకు పైగా పట్టింది. అల్దెవేలా ఆ వంతెన మీద నుంచి లోయలో పడి చనిపోయాడని ఊళ్లో కథ చెబుతారు. అది నిజం కాదు. ఆయన 1802లో మాలగాలో పోయాడు. కట్టినవాడు కట్టడంలోనే చచ్చిపోవాలని జనం ఎందుకు కోరుకుంటారో కానీ, ప్రతి దేశంలోనూ ఇలాంటి కథే ఉంటుంది.

ఈ బుల్‌రింగ్‌కూ గండం తప్పలేదు. 1784లో తెరిచారు. జనం ఎక్కారు. ఒక పక్క భాగం కూలింది. మూసేసి, బాగుచేసి, 1785 మేలో మళ్లీ తెరిచారు. మీలో సైట్ మీద పనిచేసేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. రెండున్నర శతాబ్దాలుగా చెక్కు చెదరకుండా నిలబడిందని మనం పొగుడుతున్న ఈ స్తంభాల వరస మొదటి ఏడాదే ఒక పక్క పడిపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టినవాళ్ల టెన్షన్ నేను ఊహించగలను. జనం మళ్లీ వచ్చి అదే మెట్లు ఎక్కుతుంటే కింద నిలబడి చూడటం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. అదే 1785 నవంబర్‌లో మూడో కార్లోస్ రాజు ఎద్దులను చంపే పోర్లను నిషేధించాడు. బరి తెరిచిన ఆర్నెల్లకు! అయితే ధర్మకార్యాలకు డబ్బు పోగుచేసే పోర్లకు మినహాయింపు ఇచ్చాడు. ఆ సందులోంచే ఈ ఆట బతికింది. 1805లో నాలుగో కార్లోస్ మళ్లీ నిషేధించాడు, అదీ నిలవలేదు. అంతెందుకు, 1567లోనే పోప్ అయిదో పియస్ తమ నేల మీద ఈ పోర్లు జరగనిచ్చే క్రైస్తవ రాజులను వెలివేస్తానన్నాడు. ఈ ఆట తప్పా ఒప్పా అనే వాదన ఈ కాలపు జంతుప్రేమికులు తెచ్చింది అనుకునేవాళ్లు ఈ తేదీలు చూడాలి. ఆ వాదన ఈ కట్టడం కంటే పాతది.

ఇప్పుడు మనుషుల దగ్గరికి వద్దాం. దొరలు గుర్రాల కోసం ఇంత బరి కట్టుకున్నారు కదా, అది పూర్తయ్యేసరికి దొరలు ఆ ఆటలోంచి తప్పుకున్నారు. 1700లో స్పెయిన్ గద్దె మీదికి ఫ్రాన్స్ నుంచి బూర్బోన్ వంశం వచ్చింది. కొత్త రాజు అయిదో ఫెలిపెకు ఈ ఆట నచ్చలేదు. రాజుకు నచ్చనిది దొరలు చేస్తారా? మెల్లగా గుర్రం దిగారు. అంతవరకు నేల మీద సాయం చేసిన నౌకర్లు, మామూలు జనం బరి మధ్యలోకి వచ్చారు. కాళ్ల మీద నిలబడి, చేతిలో బట్ట, కత్తి పట్టుకుని.

రోందాలో ఆ మార్పుకు పేరు రొమేరో కుటుంబం. తాత ఫ్రాన్సిస్కో రొమేరో, వడ్రంగి అని చెబుతారు. కర్రకు చుట్టిన చిన్న బట్టతో, అంటే ములేటాతో, ఎద్దును ఎదుర్కోవడం ఆయనతోనే మొదలైందని ఒక నమ్మకం. కొడుకు హువాన్. మనవడు పేద్రో రొమేరో, 1754లో రోందాలో పుట్టాడు. 1785లో బరి మళ్లీ తెరిచిన రోజు దిగినవాళ్లలో పేద్రో ఒకడు, సెవిల్ వైపు నుంచి వచ్చిన పెపె ఇల్యో ఇంకొకడు. ఇద్దరికీ పోటీ. పెపె ఇల్యోది ఆకట్టుకునే ఆట, చురుకు, సాహసం. పేద్రోది నిదానం. కాళ్లు కదపడు. ఎద్దు వచ్చేదాకా నిలబడతాడు, చెయ్యి మాత్రం కదులుతుంది. రోందా పద్ధతి అని ఈరోజుకీ స్పెయిన్‌లో దాన్నే అంటారు.

66 మీటర్ల బరి మధ్యలో ఒకసారి మిమ్మల్ని మీరు నిలబెట్టుకుని చూడండి. ఎటు పరిగెత్తినా అంచుకు 33 మీటర్లు. ఎద్దు మీకంటే వేగం. పరుగు పనికిరాదు. గుర్రం కోసం కట్టిన జాగాలో కాళ్ల మీద ఉన్న మనిషికి మిగిలింది నిలబడటమే. రోందా పద్ధతి ఈ బరి వల్లే పుట్టిందని నేను అనడం లేదు, అది తాత కాలం నుంచే ఉంది. కానీ ఆ పద్ధతికి ఇంతకంటే సరిపోయే చోటు వేరే లేదు. నేను ఇసుక మధ్యలోకి వెళ్లి నిలబడ్డాను, టూరిస్టులను వెళ్లనిస్తారు. చుట్టూ స్తంభాలన్నీ ఒకే దూరంలో ఉంటాయి. ఏదీ దగ్గర కాదు. అరికాళ్లలో ఒక జలదరింపు వచ్చింది.

పేద్రో రొమేరో తన జీవితంలో 5,600 ఎద్దులను చంపాడనీ, ఒక్కసారి కూడా కొమ్ము దిగలేదనీ చెబుతారు. 1799లో మానేశాడు. పెపె ఇల్యో 1801లో మాడ్రిడ్‌లో కొమ్ముకు బలయ్యాడు. పేద్రో మాత్రం 1830లో, 75 ఏళ్ల వయసులో, ఏడో ఫెర్నాందో రాజు సెవిల్‌లో పెట్టిన పోరు బడికి పెద్ద గురువయ్యాడు. 1839లో రోందాలోనే, మంచం మీద, 84 ఏళ్లకు కన్నుమూశాడు.

ఆయన్ను చూడాలంటే స్పెయిన్ దాకా అక్కర్లేదు. మీలో డల్లాస్‌లో పిల్లలున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా! డల్లాస్ పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో కింబెల్ మ్యూజియం ఉంది. ఆ కాలపు స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన పేద్రో రొమేరో బొమ్మ అందులో ఉంది. ఈసారి వెళ్లినప్పుడు చూడండి. బొమ్మలో ఎద్దు లేదు, కత్తి లేదు, బరి లేదు. ప్రశాంతమైన ముఖం. ముందుకు వచ్చినట్టుగా ఒక చెయ్యి. గోయాకు పోరు బాగా తెలుసు, ఆ మనిషి బలం ఎక్కడుందో తెలిసి ఆ చేతిని వెలుగులో పెట్టాడు. వడ్రంగి ఇంటి చెయ్యి.

ఇందాక దాటేసిన చోటుకు ఇప్పుడు తీసుకెళ్తాను. బరి వెనక భాగం. ఇక్కడ ఎద్దులను విడివిడిగా ఉంచే ఇరుకు గదులున్నాయి. ఎద్దు తిరగడానికి కూడా చోటు లేనంత ఇరుకు. తలుపులను మనిషి దగ్గరికి వెళ్లి తీయడు. పైన నడవా ఉంది, అక్కడ నిలబడి తాడు లాగితే, కప్పీ తిరిగి, కింద తలుపు లేస్తుంది. నేను ఆ నడవాలో నిలబడి కిందికి చూశాను. ముదురు రంగు చెక్క, అరిగిన అంచులు. రంధ్రంలోంచి బరి వెలుతురు సన్నటి గీతలా కనిపిస్తోంది. లోపల ఉన్న ఎద్దుకు కనిపించేది అంతే. తలుపు లేవగానే ఆ వెలుతురు వైపు ఉరుకుతుంది. ఒక పోరులో మామూలుగా ముగ్గురు మనుషులు, ఆరు ఎద్దులు. రెండున్నర గంటల్లో ఆరూ చచ్చిపోతాయి. ముందు వైపు స్తంభాల అందం చూసి మురిసిపోయిన నాకు ఆ తాడు పట్టుకునే ధైర్యం రాలేదు. అందరూ పట్టుకుని చూస్తున్నారు. నేను పట్టుకోలేదు.

స్పెయిన్‌లో ఈ గొడవ తెగలేదు. కాతలోనియా ప్రాంతం 2010లో నిషేధం చేసింది, 2016లో రాజ్యాంగ కోర్టు కొట్టేసింది. కానీ బార్సెలోనాలో ఇక పోర్లు లేవు. అక్కడ లాస్ అరేనాస్ అనే పాత బుల్‌రింగ్ బయటి గోడను అలాగే ఉంచి లోపల షాపింగ్ మాల్ చేశారు, 2011లో తెరిచారు. బుల్‌రింగ్ గోడలో ఎస్కలేటర్లు. కట్టడాల మనిషిగా నాకది బాధే. గోడ మిగిలింది, చూపు పోయింది. బుల్‌రింగ్ అంటే లోపలికి చూసే కట్టడం, మధ్యలో ఖాళీ దాని ప్రాణం. ఆ ఖాళీని నింపేస్తే ఇంకేముంది?

రోందాలో పోర్లు ఏడాదికి కొద్ది రోజులే. సెప్టెంబర్ మొదట్లో గోయా కాలపు బట్టలు వేసుకుని చేసేది ముఖ్యమైనది. పేద్రో పుట్టి 200 ఏళ్లయిందని 1954లో మొదలుపెట్టారు. దాన్ని ఊరి పండగగా నిలబెట్టిన అంతోనియో ఓర్దోన్యెస్ అనే రోందా వీరుడి చితాభస్మం ఈ ఇసుకలోనే ఉంది. మిగతా రోజుల్లో ఇది మ్యూజియం. ఎవరైనా టికెట్ కొనుక్కుని వచ్చి నీడలో కూర్చోవచ్చు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సలహా. మాలగా నుంచి టూరిస్టు బస్సులు వచ్చి పడకముందే, తెరిచే వేళకే వెళ్లండి. నేను రెండో రోజు అలాగే వెళ్లాను. రెండో అంతస్తులో ఎవరూ లేరు. తూర్పు ఎండకు స్తంభాల నీడలు మెట్ల మీద పడి వంకర తిరుగుతున్నాయి. కాసేపటికి ఎక్కడో డెక్కల చప్పుడు వినిపించింది. లయగా, ఆగి ఆగి. బరిలో చూస్తే ఏమీ లేదు. దిగి వెతుక్కుంటూ వెళ్తే, గోడకు అవతల మయెస్త్రాంసా వాళ్ల స్వారీ బడి. లోపల ఒక అమ్మాయి, పద్దెనిమిది ఇరవై ఏళ్లుంటాయి, లేత బూడిద రంగు గుర్రానికి మలుపులు నేర్పుతోంది. కళ్లెం వదులుగా పట్టుకుని, ఒకే చోట మళ్లీ మళ్లీ తిప్పుతోంది. గుర్రం తప్పు తిరిగినప్పుడల్లా మెడ మీద తట్టి, మొదటి నుంచి మొదలుపెడుతోంది. నేను అక్కడే గోడకు ఆనుకుని అరగంట చూశాను.